గోడ రంగును గదిలోనే పోల్చి చూసుకోవడం ఎలా

చీరల దుకాణంలో దీపాల కింద నచ్చిన చీరను గుమ్మం దాకా తెచ్చుకుని, కొంగు విప్పి పగటి వెలుతురులో మరొకసారి చూసుకున్నాకే బిల్లు వేయించడం మన ఇళ్లలో ఏనాటి నుంచో ఉన్న అలవాటు. "లోపల వంగపండు రంగులా ఉంది, బయటికి తెస్తే ముదురు నీలంలా కనబడుతోంది" అనే మాట వినని వారు ఉండరు. ఇంత జాగ్రత్త తెలిసిన మనమే, ఏళ్ల తరబడి పొద్దున లేచింది మొదలు కంటి ముందు ఉండే గోడ విషయానికి వచ్చేసరికి, పెయింట్ల దుకాణం బల్ల మీద షేడ్ కార్డు తెరిచి, తపాలా బిళ్లంత ముక్క మీద వేలు పెట్టి నిమిషంలో తేల్చేస్తున్నాం. డబ్బాలో ఉన్నది పూత మాత్రమే. గదిలో పడే వెలుగు, కింద నేల, పక్కనున్న తలుపు, ఎదుటి గోడ ఇవన్నీ కలిసినప్పుడే ఆ పూతకు మన కంటికి కనబడే రంగు వస్తుంది. అందువల్ల రెండు మూడు రంగుల్లో ఏది మేలో తేల్చుకోవలసిన చోటు ఆ గదే. ఆ పని ఒక క్రమంలో ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణగా హైదరాబాదులోని మా పాత ఇంటి పడక గదిని తీసుకుంటాను. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది అది. పడమటి గోడకు ఒకే కిటికీ, కిటికీ బయట వేపచెట్టు, కింద నీలి తాండూరు బండలు, పాలిష్ చేసిన టేకు తలుపు. ఆరేళ్ల కిందట ఆ గదికి షేడ్ కార్డు చూసి లేత బూడిద రంగు వేయించాం. పగలు నిండుగా, నెమ్మదిగా ఉన్న ఆ గోడలు రాత్రి ట్యూబులైటు వేయగానే లేత వంకాయ రంగుకు తిరిగేవి. పూత వేసిన మేస్త్రీ పనిలో లోపం లేదు, షేడ్ కార్డులోని కోడు ప్రకారమే డబ్బా వచ్చింది. ఇలా ఎందుకయిందో అప్పట్లో అర్థం కాలేదు. నిరుడు మళ్లీ రంగులు వేయించవలసి వచ్చినప్పుడు ఈ విషయాన్ని మొదటి నుంచి ఓపికగా పరిశీలించాం.

గదిలో మారనివి ఏమిటో ముందు చూసుకోవాలి

రంగుల జోలికి వెళ్లే ముందు, గదిలో మనం మార్చబోనివన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది నేల. కిటికీలో నుంచి వచ్చే వెలుగులో ఎక్కువ భాగం ముందుగా నేల మీద పడి, అక్కడి నుంచి గోడల కింది సగానికీ ఆపైన కప్పుకూ ఎగబాకుతుంది. వెళ్తూ వెళ్తూ నేల రంగును కొంత వెంట తీసుకుపోతుంది. ఎర్రగచ్చు ఉన్న పాత ఇళ్లలో తెల్ల గోడ నడుము ఎత్తు వరకు లేత గులాబి ఛాయతోనూ, పైన మామూలు తెలుపుతోనూ కనబడటానికి కారణం ఇదే. దీన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. పొద్దున పది గంటల వేళ ఒకే రకం తెల్ల కాగితాలు రెండింటిని గోడకు ఒకటి మోకాలి ఎత్తులో, ఒకటి తల ఎత్తులో అంటించి నాలుగడుగులు వెనక్కు వచ్చి చూస్తే, ఆ రెండూ ఒకే దస్తాలోవి అంటే నమ్మబుద్ధి కాదు.

మన వైపు ఇళ్లలో నేలలు ఎన్ని రకాలో ఈ ప్రభావమూ అన్ని రకాలు. నీలి తాండూరు బండలు, నల్లని కడప బండలు వెలుగును మింగుతాయి కాబట్టి గది ఒక పాలు చీకటిగా ఉంటుంది. పసుపు ఛాయ ఉన్న తాండూరు బండల మీద మీగడ రంగు మరింత పండినట్లు కనబడుతుంది. అపార్ట్‌మెంట్లలో వేసే లేత మీగడ రంగు విట్రిఫైడ్ టైల్స్ నిగనిగలాడుతూ వెలుగును బాగా తిప్పికొడతాయి. అక్కడ లేత రంగులు ఇంకా లేతగా, ఒక్కోసారి వెలిసిపోయినట్లుగా కూడా తోస్తాయి. బేతంచర్ల బండల్లో ఒక్కో ఇంట్లో ఒక్కో ఛాయ ఉంటుంది, వాటిని తడిగుడ్డతో తుడిచి, ఆరాక చూసి నిర్ణయించుకోవడం మంచిది.

నేల తరువాత చూడవలసింది కిటికీ బయట ఏముందని. పక్క భవనం గోడ పది అడుగుల దూరంలో ఉంటే, ఎండ దాని మీద పడినంతసేపు ఆ గోడ రంగే మన గదిలోకి వెలుగుగా వస్తుంది. చెట్టు ఉంటే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. మా బూడిద రంగు గోడ కథకు మూలం ఈ చెట్టులోనే ఉంది. ఆ బూడిదలో కంటికి సులువుగా దొరకని ఊదా పాలు ఉంది. పగలు వేపాకుల మీదుగా వచ్చే పచ్చటి వెలుగు ఆ ఊదాను అణచిపెట్టేది. పొద్దు గూకాక ఆ పచ్చదనం పోయి, నీలివైపు మొగ్గిన ట్యూబులైటు వెలుగు రాగానే దాగి ఉన్న ఊదా బయటపడేది.

తలుపులు, బీరువా, గోడ అలమరాల లామినేట్, మార్చే ఉద్దేశం లేని కర్టెన్లు కూడా ఆ కాగితం మీదకు ఎక్కాలి. కర్టెన్లు వేసి ఉంచే గదిలో అయితే పగటి వెలుగంతా ఆ గుడ్డలో వడకట్టినట్లే వస్తుంది కాబట్టి, రంగులు చూసేటప్పుడు కూడా అవి రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉంచాలి.

దిక్కును బట్టి వెలుగు

రంగుల ఎంపిక గురించి చల్లని దేశాల వారు రాసిన సలహాల్లో, ఉత్తరపు కిటికీ ఉన్న గదికి ఎండ రాదు కాబట్టి వెచ్చని రంగులే వేయాలన్న మాట తరచుగా కనబడుతుంది. మనకు అది యథాతథంగా వర్తించదు. మన రెండు రాష్ట్రాలు దాదాపు 13 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరొకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే నడివేసవిలో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి కూడా ఏటవాలు ఎండ కాస్త తొంగిచూస్తుంది. మిగిలిన కాలంలో చాలావరకు అక్కడికి ఆకాశపు వెలుగే వస్తుంది. అది కొంచెం నీలివైపు మొగ్గినా రోజంతా పెద్దగా మారదు. రంగులు పోల్చడానికి ఇంట్లో అన్నిటికంటే నమ్మదగిన వెలుగు ఉత్తరపు గదిదే.

దక్షిణపు కిటికీకి పరిస్థితి వేరు. డిసెంబరు చివరలో హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తుకే చేరతాడు కాబట్టి ఎండ గదిలో నేల మీదికి బాగా లోపలి వరకు వస్తుంది. వేసవిలో కిటికీ పైన చిన్న సజ్జా ఉన్నా చాలు, ఎండ లోపలికి రాదు. కాబట్టి దక్షిణపు గదిలో సంక్రాంతికి ముందు చూసిన రంగు మే నెలలో మరోలా కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు.

తూర్పు, పడమటి గదుల్లో ఒకే రోజులో రెండు రకాల వెలుగులు వస్తాయి. పడమటి గదిలో మధ్యాహ్నం వరకు నీడలో ఉన్న ఆకాశపు నీలి వెలుగు, మూడున్నర దాటాక నేరుగా పడే నారింజ ఎండ. మీగడ, లేత పసుపు, గంధం వంటి వెచ్చని రంగులు అక్కడ పొద్దున్నే కాస్త మాసినట్లు, సాయంత్రం మండుతున్నట్లు కనబడతాయి. వేసవి సాయంత్రం ఆ గదిలో ఉక్కపోతకు తోడు గోడలు కూడా ఎర్రబారి కనబడటం మనసుకు మరింత వేడిగా అనిపిస్తుంది. పడమటి గదికి రంగు గాఢత తక్కువగా ఉన్న ఛాయలు, అంటే బూడిదో గంధపు పొడో కలిసినట్లు మెత్తబడిన రంగులు మేలని నా అభిప్రాయం.

దీపం మార్చే పని ఉంటే రంగుకు ముందే మార్చాలి

మన ఇళ్లలో చాలా గదులు సూర్యాస్తమయం తరువాతే ఎక్కువగా వాడకంలో ఉంటాయి. పడక గది విషయంలో అయితే ఇది మరీ నిజం. కాబట్టి పగటి వెలుగుకు ఇచ్చినంత గౌరవం దీపానికీ ఇవ్వాలి. ఎల్ఈడీ పెట్టె మీద 2700, 3000, 4000, 6500 వంటి అంకెల పక్కన 'కె' అని రాసి ఉంటుంది. అది కెల్విన్లలో వెలుగు ఛాయను తెలుపుతుంది. 2700–3000 వద్ద వెలుగు పాత ఫిలమెంటు బల్బులా పసుపుగా ఉంటుంది, 4000 దగ్గర మధ్యస్థంగా, 6500 వద్ద నీలివైపు మొగ్గి తెల్లగా ఉంటుంది. మనకు అలవాటైన ట్యూబులైటు తెలుపు ఈ 6500 రకమే. ఒకే గోడకు ఈ రెండు కొసల దీపాలనూ మార్చి మార్చి వేసి చూస్తే, మీగడ రంగు ఒకదాని కింద వెన్నలా, మరొకదాని కింద సున్నంలా కనబడుతుంది.

పెట్టె మీద సీఆర్ఐ అనే మరో అంకె కూడా ఉంటుంది. వస్తువుల రంగులను ఆ దీపం ఎంత నిజంగా చూపుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. 100 దాని గరిష్ఠం. 80 ఉన్న దీపాలు సాధారణం, 90 దాటినవి మేలు. సీఆర్ఐ తక్కువగా ఉన్న దీపం కింద ముఖ్యంగా ఎరుపు పాలు ఉన్న రంగులు జీవం లేనట్లు ఉంటాయి. రంగు బాగాలేదని గోడను నిందించే చాలా ఇళ్లలో బల్బు మారిస్తే సరిపోతుంది. అందుకే గదిలో ఇకముందు ఏ దీపం ఉండబోతోందో అది బిగించాకే రంగుల నమూనాలు చూడాలి.

కనబడని ఛాయను పట్టుకోవడం

ఇళ్లకు వెల్ల వేసే రోజుల్లో సున్నంలో చిటికెడు నీలిమందు కలపడం మన పెద్దలకు తెలిసిన విద్య. సున్నంలో సహజంగా ఉండే పసుపు ఛాయను నీలం అణచి, గోడ మరింత తెల్లగా కనబడేది. నీలిమందు ఒక చుక్క ఎక్కువైతే గోడ నీలంగా తేలిపోయేది. తెలుపులో, మీగడలో, బూడిదలో కనబడీ కనబడకుండా మరో రంగు ఉంటుందని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఇప్పుడు దుకాణంలో టింటింగ్ యంత్రం చేసేదీ అదే పని. బేస్ అనే తెల్లని మూల పూతలో నల్లని, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ స్టెయినర్లను, అంటే గాఢమైన రంగు ద్రవాలను, కోడు ప్రకారం చుక్కల లెక్కన కలుపుతుంది. పైకి బూడిదగా కనబడే రెండు షేడ్లలో ఒకదానికి ఊదా, మరొకదానికి ఆకుపచ్చ అడుగున ఉండవచ్చు.

దీన్ని పట్టుకోవడానికి రెండు తేలిక ఉపాయాలు ఉన్నాయి. షేడ్ కార్డులో ఒకే వరుసలో లేత నుంచి ముదురు వరకు ఆరేడు మెట్లు ఉంటే, మనకు నచ్చిన లేత మెట్టును వదిలి అదే వరుసలో చివరి ముదురు మెట్టును చూడాలి. లేతదానిలో దాగిన ఛాయ ముదురుదానిలో దాపరికం లేకుండా కనబడుతుంది. మా పాత బూడిద రంగు వరుసలో చివరి మెట్టు దాదాపు వంకాయ రంగే. ఆరేళ్ల కిందట ఆ కార్డును మరో రెండంగుళాలు కిందికి జరిపి చూసి ఉంటే సరిపోయేది. రెండవ ఉపాయం, అనుమానం ఉన్న రంగును దానిలాంటి మరో రంగు పక్కన పెట్టడం. ఒంటరిగా చూసినప్పుడు ఏ మీగడ రంగైనా మీగడగానే ఉంటుంది. నాలుగు మీగడలు ఒకచోట పెట్టగానే ఒకటి పచ్చగా, ఒకటి గులాబిగా, ఒకటి పసుపుగా విడిపోతాయి.

తెలుపును కొలబద్దగా పెట్టుకోవాలంటే ప్రింటర్లలో వాడే ఏ4 కాగితాన్ని నమ్మకూడదు. తెల్లగా కనబడటానికి ఆ కాగితాల తయారీలో మెరుపునిచ్చే రసాయనాలు కలుపుతారు, వాటివల్ల పగటి వెలుగులో కాగితం నీలివైపు మొగ్గి, దాని పక్కన పెట్టిన మంచి తెలుపు కూడా పసుపు పారినట్లు కనబడుతుంది. మోకాలి ఎత్తున, తల ఎత్తున అంటించిన కాగితాలు రెండూ ఒకే రకం కాబట్టి ఆ పరీక్షకు ఇబ్బంది లేదు. రంగుల మధ్య తీర్పుకు మాత్రం, గది కప్పుకు వేసిన లేదా వేయబోయే తెలుపునే ఒక అట్ట మీద పూసి వాడుకోవాలి. ఎలాగూ గోడ రంగు రోజూ ఆ తెలుపు పక్కనే ఉండవలసింది.

నమూనా అట్టలు తయారుచేసుకోవడం

షేడ్ కార్డు నుంచి ఆరేడు రంగులు ఏరి, పై పద్ధతిలో వాటిని మూడుకు తగ్గించాక అసలు పని మొదలవుతుంది. మేము చివరకు మిగుల్చుకున్న మూడు: ఒక మీగడ తెలుపు, ఒక లేత పిస్తా, గంధపు పొడి కలిపినట్లుండే ఒక బూడిద రంగు. కొన్ని కంపెనీలు 200 మిల్లీలీటర్ల నమూనా డబ్బాలు ఇస్తాయి. అవి దొరకని చోట లీటరు డబ్బా కొనవలసి వస్తుంది. ఈ ఖర్చు దండగ అనిపించే వారికి ఒక లెక్క చెబుతాను. మా గదికి తలుపు, కిటికీ తీసేస్తే దాదాపు 420 చదరపు అడుగుల గోడ ఉంది. నున్నని గోడ మీద రెండు పూతలు (కోట్లు) వేయడానికి లీటరు ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) 120–140 చదరపు అడుగులు వస్తుందనుకుంటే మూడు, మూడున్నర లీటర్లు, అంటే నాలుగు లీటర్ల డబ్బా ఒకటి కావాలి. దానికి మేస్త్రీ కూలి, లప్పం, ప్రైమర్, సామాను జరిపే శ్రమ కలిపితే, నమూనాల ఖర్చు అందులో చిన్న భాగమే.

నమూనాను తిన్నగా పాత గోడ మీద పూయవద్దని గట్టిగా చెబుతాను. పాత రంగు చుట్టూ ఉన్నంతసేపు కొత్త రంగును కన్ను సరిగ్గా చదవలేదు. పారిస్‌లో బొమ్మల తెరలు నేసే గోబ్లాఁ కార్ఖానాలో అద్దకం విభాగాన్ని నడిపిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త, నల్ల దారాలు వెలవెలబోతున్నాయన్న ఫిర్యాదును విచారించి, లోపం అద్దకంలో కాక పక్కన ఉన్న రంగుల్లో ఉందని తేల్చాడు. ఆ పరిశీలనలను 1839లో ప్రచురించాడు. ఏ రంగైనా తన పక్కనున్న రంగుకు ఎదురైన ఛాయను అరువు తెచ్చుకుంటుంది. నీలి ఛాయ ఉన్న బండల పక్కన మీగడ రంగు మరింత పసుపుగా కనబడటం, పాత గులాబి గోడ మధ్యలో పూసిన బూడిద పచ్చగా కనబడటం ఈ కారణం చేతనే.

అందుకే దళసరి డ్రాయింగ్ షీటు గానీ పలుచని ప్లైవుడ్ ముక్క గానీ తీసుకోవాలి. కనీసం రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండాలి. దాని మీద ముందు తెల్ల ప్రైమర్ ఒక చేయి వేసి ఆరనివ్వాలి, లేకపోతే అట్ట పూతను పీల్చేసి రంగు మచ్చలుగా తేలుతుంది. తరువాత డబ్బా మీద రాసినంతే నీళ్లు కలిపి, గోడకు వాడబోయే సాధనంతోనే, రోలర్ అయితే రోలర్‌తో, రెండు కోట్లు వేయాలి. రెండింటి మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండాలి. అంచుల చుట్టూ అంగుళం మేర తెలుపు వదిలితే, అట్టను పాత గోడ మీద ఆనించినా పాత రంగు ప్రభావం కొంత తగ్గుతుంది. వెనుక వైపు షేడ్ కోడు, బేస్, ఫినిష్ (పూత మెరుపు రకం), తేదీ పెన్నుతో రాయాలి.

ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలు కలిసినట్లు లేతగా కనబడి, ఆరిన కొద్దీ ముదురుతుంది. మా అట్టల్లో పిస్తా రంగు పూసినప్పుడు దాదాపు తెల్లగా ఉంది. ఫ్యాను కింద పావుగంట గడిచాక అంచుల నుంచి లోపలికి ముదురు గీత ఒకటి మెల్లగా జరగడం మొదలై, తడి భాగం చిన్న చెరువులా మధ్యలో మిగిలి, చివరికి అదీ ఆరిపోయింది. "ఆరితే ఒక మెట్టు దిగుతుంది సార్, రేపు చూడండి" అని మా మేస్త్రీ చెప్పిన మాట నిజమే. పూసిన రోజు ఏ తీర్పూ చెప్పకుండా మర్నాడు చూడాలి.

ఫినిష్ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒకే కోడు ఉన్న రంగు మెరుపు లేని మ్యాట్‌లో కొంచెం లేతగా, మెరుపు ఉన్న శాటిన్ వంటి ఫినిష్‌లో కాస్త గాఢంగా కనబడుతుంది. పైగా మెరుపు ఎక్కువైన కొద్దీ గోడలోని ఎగుడుదిగుళ్లను కిటికీ పక్క నుంచి వచ్చే వెలుగు ఎత్తి చూపుతుంది. గోడకు ఏది వేయబోతున్నామో నమూనాకూ అదే వాడాలి.

చూడటంలో పద్ధతి

అట్టను మంచం మీద పరచి చూడటం చాలామంది చేసే పొరపాటు. పడుకోబెట్టిన అట్ట మీద కప్పు నుంచి, దీపం నుంచి వెలుగు నేరుగా పడి అది లేతగా కనబడుతుంది. గోడ నిలువుగా ఉంటుంది కాబట్టి అట్ట కూడా గోడకు ఆనుకుని నిలువుగానే ఉండాలి. దానిని కనీసం రెండు చోట్ల చూడాలి: కిటికీ ఎదురుగా ఉన్న గోడ మీద ఒకసారి, కిటికీ ఉన్న గోడ మీదే మరొకసారి. కిటికీ గోడ తన మీద వెలుగు పడక ఎప్పుడూ నీడలో ఉంటుంది, అదే రంగు అక్కడ రెండు మెట్లు ముదిరినట్లుంటుంది. మూలలో రెండు గోడల మీద రెండు అట్టలు కలిపి నిలబెడితే, ఒకదాని రంగు మరొకదాని మీద పడి రెండూ గాఢమవడం కూడా చూడవచ్చు. నాలుగు గోడలకూ ఒకే రంగు వేసినప్పుడు ఈ పరస్పర ప్రతిఫలనం గది అంతటా జరుగుతుంది. షేడ్ కార్డులో చూసిన దానికంటే గోడ ఎప్పుడూ ముదురుగా రావడానికి ఇదొక ప్రధాన కారణం. అందుచేత నచ్చిన మెట్టుకు ఒక మెట్టు లేతది ఎంచుకోవడం సాధారణంగా క్షేమం.

బయట ఎండలో నుంచి వచ్చిన వెంటనే చూడకూడదు. కన్ను గది వెలుగుకు అలవాటు పడటానికి అయిదారు నిమిషాలు పడుతుంది. మంచం మీద ముదురు రంగు దుప్పటి ఉంటే తీసి తెల్లదో లేతదో పరవాలి. మూడు అట్టలను ఒకేసారి వరుసగా పెట్టి ఏది బాగుందని అడిగితే కన్ను గజిబిజి పడుతుంది. రెండేసి చొప్పున పెట్టాలి, ఓడినదాన్ని మరో గదిలో పెట్టి గెలిచినదాని పక్కన మూడవదాన్ని నిలపాలి. ఒక జతకూ మరో జతకూ మధ్య కాసేపు కప్పు తెలుపును చూస్తే ముందు చూసిన రంగు ముద్ర కంటి నుంచి తొలగుతుంది.

ఇలా పొద్దున ఏడు గంటలకు, మధ్యాహ్నం, సాయంత్రం అయిదు ప్రాంతంలో, రాత్రి దీపం వేశాక, నాలుగు వేళల్లోనూ చూసి, ప్రతిసారీ ఒక్క వాక్యం రాసిపెట్టుకోవాలి. రెండు మూడు రోజులు చూడాలి. వీలైతే అందులో ఒకటి మబ్బు పట్టిన రోజు కావాలి. జ్ఞాపకం మీద ఆధారపడి నిన్నటి రంగును నేటి రంగుతో పోల్చడం కుదరదు, రంగుల విషయంలో జ్ఞాపకం చాలా బలహీనమైనది. ఫోనులో తీసిన ఫొటోలూ పనికిరావు. కెమెరా తనంతట తానే తెలుపును సరిచేసుకుంటూ పోతుంది కాబట్టి, పసుపు దీపం కింద తీసినదీ పగలు తీసినదీ దాదాపు ఒకేలా రావచ్చు. గోడ మీద రంగు వేసినట్లు చూపించే యాప్‌లు ఏ గోడకు ముదురు, ఏ గోడకు లేత అని ఊహించుకోవడానికి ఉపయోగపడతాయి. పక్కపక్కనున్న రెండు మీగడల మధ్య తేడా తేల్చడం వాటివల్ల కాదు.

మా కాగితం మీద తేలినది ఇది. మీగడ తెలుపు ఉదయం బాగుంది, నీలి బండల పక్కన అప్పటికే పసుపెక్కి ఉన్న ఆ రంగు సాయంత్రం అయిదింటికి కంటికి గుచ్చుకునేంత అయింది. లేత పిస్తా రాత్రి దీపం కింద అన్నిటికంటే అందంగా ఉంది; అయితే వేపచెట్టు వెలుగులో మధ్యాహ్నం పూట గది మొత్తం పచ్చబడి, ఎదుట కూర్చున్న మనిషి ముఖం కూడా పాలిపోయినట్లు కనబడింది. గంధపు బూడిద ఏ వేళలోనూ మొదటి చూపుకు ఆకట్టుకోలేదు, ఏ వేళలోనూ చెడలేదు. పడక గదికి నేను కోరుకునేది ఆ గుణమే. దానిలో ఒక మెట్టు లేతది తెప్పించి, మరో అట్ట చేసి మళ్లీ ఒక రోజు చూశాం.

వెలుగును గోడ ఎంత తిప్పికొడుతుందో చెప్పే అంకెను కొన్ని షేడ్ కార్డులు ఎల్ఆర్‌వి పేరుతో ఇస్తాయి. సున్నా నుంచి 100 వరకు ఉండే ఈ కొలతలో నలుపు సున్నాకు, తెలుపు 100కు దగ్గరగా ఉంటాయి. రంగు అందంతో దీనికి సంబంధం లేదు గానీ, ఒకే కిటికీ, ముదురు నేల ఉన్న గదిలో 60 కంటే తక్కువ ఉన్నది నేను వేయను. పగలు కూడా దీపం వేయవలసి వస్తుంది.

ఇంట్లో పెద్దవారి కన్ను

ఆ గదిలో ఉండేది మా అమ్మ. మేము అట్టలు చూస్తున్న రోజులకు ఆమెకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయి నెల దాటింది, రెండవ కంటికి ఇంకా కాలేదు. అట్టల ముందు నిలబడి ఒక్కో కన్నూ చేత్తో మూసి చూసి, "ఈ కంటితో చూస్తే కొత్త గోడ, ఆ కంటితో చూస్తే పాత గోడలా ఉంది నాన్నా" అంది. వయసు పెరిగిన కొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, లోపలికి చేరే వెలుగూ తగ్గుతుంది. అందువల్ల లేత నీలాలు, ఊదాలు పెద్దవారికి బూడిదగా తోస్తాయి. మనకు మీగడగా ఉన్నది వారికి ముదురు పసుపు కావచ్చు. శుక్లం తీశాక తెలుపు తెల్లగా, నీలం నీలంగా తిరిగి వస్తాయి. గది ఎవరిదో వారి కంటితో చూడనిదే తీర్పు పూర్తి కాదు. అంతేకాక పెద్దవారి గదిలో గోడకూ స్విచ్‌బోర్డుకూ, గోడకూ తలుపు చట్రానికీ మధ్య స్పష్టమైన తేడా ఉండాలి. తెల్ల గోడ మీద తెల్ల స్విచ్‌బోర్డు రాత్రి పూట వారికి వెతుకులాట అవుతుంది. మా ఎంపికలో గంధపు బూడిదకు ఇదీ ఒక కారణమైంది.

డబ్బా తెప్పించేటప్పుడు

ఒక కంపెనీ షేడ్ కార్డులో ఎంచుకున్న రంగును మరో కంపెనీ బేస్‌లో కలిపి ఇస్తామని దుకాణంలో అనడం మామూలే. వేర్వేరు స్టెయినర్లతో తయారైన రెండు రంగులు పగటి వెలుగులో అచ్చం ఒకేలా ఉండి దీపం కింద విడిపోవచ్చు. ఏ కంపెనీ అట్టను నాలుగు వేళలా చూశామో ఆ కంపెనీదే, ఆ ఫినిష్‌లోనే తెప్పించాలి. ఒకటి కంటే ఎక్కువ డబ్బాలు కావాలంటే అన్నీ ఒకేసారి కలిపించి, మూత మీద అంటించిన కోడు, బేస్ వివరాలు మన అట్ట వెనుక రాసినవాటితో సరిపోతున్నాయో లేదో అక్కడే చూడాలి. ఇంటికి వచ్చాక ఆ డబ్బాలను పెద్ద బక్కెట్లో కలిపి వాడమని మేస్త్రీని అడగాలి. రెండు డబ్బాల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా గోడ మధ్యలో గీతగా తేలదు. కొత్తగా కట్టిన గోడ అయితే సిమెంటు ప్లాస్టరు కనీసం 28 రోజులు ఆరిన తరువాతే రంగు పెట్టాలి, లేకపోతే అందులోని క్షారం వల్ల రంగు మచ్చలుగా వెలుస్తుంది.

లప్పం, ప్రైమర్ అయ్యాక, మొత్తం గోడకు వెళ్లకముందు, కిటికీ ఉన్న గోడ మీద మూల దగ్గర ఒక గజం మేర రెండు కోట్లు వేయించి ఒక రాత్రి, ఒక పగలు ఆగాలి. ఇప్పుడు చుట్టూ ఉన్నది ప్రైమర్ తెలుపే కాబట్టి రంగు ఉన్నదానికంటే కాస్త ముదురుగా కనబడుతుంది. దాన్ని చూసి కంగారు పడి మార్చవద్దు. అట్టను దాని పక్కన ఆనించి, రెండూ ఒకటేనా కావా అన్నది మాత్రమే చూడాలి. మా గదిలో అట్ట అంచు గోడలో కలిసిపోయి, వెనుక చేయి పెట్టి కదిలిస్తే తప్ప ఎక్కడుందో తెలియలేదు. అప్పుడు మేస్త్రీని మిగతా గోడలు మొదలుపెట్టమన్నాం. మిగిలిన అర లీటరు పూతను మూత గట్టిగా బిగించి, ఆ అట్టతో పాటు అలమరా పై అరలో ఉంచాం. మంచం తల దగ్గర గోడ మాసినప్పుడు దిద్దుకోవడానికి ఆ రెండూ కావాలి.